లాందాకూ మార్కులు వేయాల్సిందే

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ పానీయాల గురించి మన దగ్గర ఒక అభిప్రాయం గట్టిగా పాతుకుపోయింది. అవి మత్తు కోసం తాగేవి, రుచి కోసం తాగేవి కావు, కాబట్టి వాటికి సమీక్ష అక్కర్లేదు అన్నది ఆ అభిప్రాయం. హైదరాబాద్‌లో మైక్రో బ్రూవరీలు వచ్చాక క్రాఫ్ట్ బీరు గురించి తెలిసి మాట్లాడేవాళ్లు పెరిగారు. పిల్స్‌నర్ గ్లాసును వెలుగుకు ఎత్తి రంగు చూస్తారు. నురగ ఎంతసేపు నిలిచిందో గమనిస్తారు. హాప్స్ చేదు ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు తప్పుకుంది, మింగాక గొంతులో ఏం మిగిలింది అని అరపేజీ రాస్తారు. అది మంచి విద్య, నాకు దాని మీద గౌరవం ఉంది. కానీ వాళ్లే చిత్రకోట్ జలపాతం చూడ్డానికి వెళ్లి, దారిలో సంతలో లాందా అనే బియ్యపు పానీయం దొప్పలో చేతికి రాగానే "పుల్లగా ఉంది, కిక్కు మాత్రం బాగుంది" అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. ఏ బియ్యంతో చేశారు, ఎన్నాళ్లు పులిసింది, మంచిదా చెడిందా అన్న ప్రశ్నలు వాళ్లకు తట్టనే తట్టవు.

దీనికి ఎదురుగా ఇంకో గుంపు ఉంది. వీళ్లకు బస్తర్‌లో తాగినవన్నీ అమృతాలే. సల్ఫీ అనే చెట్టుకల్లు ఆరోగ్యం, ఇప్పసారా ఔషధం, లాందా ప్రకృతి ప్రసాదం. చెడిపోయిన కుండలోంచి పోసినా కళ్లు మూసుకుని పొగుడుతారు. మొదటి గుంపు చులకన చేస్తోంది, రెండో గుంపు పూజ చేస్తోంది. ఇద్దరూ చేయనిది మాత్రం ఒకటే: నోట్లో పోసుకున్నదాన్ని శ్రద్ధగా రుచి చూడడం. అది బాగుందో లేదో, ఎందుకు బాగుందో, ఎక్కడ తప్పిందో చెప్పడం. ఒక పనివాడి చేతిపనికి మనం ఇవ్వగల కనీస మర్యాద అది. పిల్స్‌నర్‌కు పెట్టే పరీక్షే లాందాకూ సల్ఫీకీ పెట్టాలన్నది నా వాదన. మార్కులు తగ్గించాల్సిన చోట తగ్గించాలి కూడా.

అసలు పిల్స్‌నర్ ఎలా పుట్టిందో చూడండి. బొహీమియాలోని పిల్సెన్ ఊళ్లో బీరు ఒకప్పుడు నాసిగా ఉండేది. 1838లో జనం విసిగిపోయి ముప్పై ఆరు పీపాల బీరును పురపాలక భవనం ముందు వీధిలో పారబోశారు. తాగడానికి పనికిరాదని ఊరు ఊరంతా ఇచ్చిన తీర్పు అది. ఆ తీర్పు వల్లే పౌరులు కలిసి కొత్త బ్రూవరీ కట్టుకున్నారు, బవేరియా నుంచి యోసెఫ్ గ్రోల్ అనే బ్రూవర్‌ను పిలిపించుకున్నారు. 1842 అక్టోబరు 5న అతను మొదటి విడత కాచాడు. పొగ తగలకుండా ఆరబెట్టిన లేతరంగు బార్లీ మాల్టు, సాజ్ హాప్స్, ఖనిజాలు చాలా తక్కువగా ఉన్న ఆ ఊరి మెత్తని నీళ్లు, చల్లటి నేలమాళిగల్లో అడుగున నెమ్మదిగా పనిచేసే ఈస్టు, ఇవన్నీ ఒకచోట కలిసి బంగారు రంగు బీరు వచ్చింది. ఈ రోజు ప్రపంచంలో అమ్ముడయ్యే లేతరంగు బీర్లలో ఎక్కువ భాగానికి మూలం అదే. దానికి ఆరంభం మాత్రం ఊరివాళ్లు ఇచ్చిన సున్నా మార్కులు. నాసి బీరును "మన ఊరి బీరు కదా" అని వాళ్లు మెచ్చుకుని ఊరుకుంటే గ్రోల్ ఆ ఊరు వచ్చేవాడే కాదు.

ఇక బస్తర్‌కు వద్దాం. యాత్రికులకు తెలిసిన పేరు సల్ఫీ. దాన్ని బస్తర్ బీరు అని పరిచయం చేస్తారు. మన మన్యంలో జీలుగు కల్లు తాగినవాళ్లకు సల్ఫీ కొత్తేమీ కాదు. రంపచోడవరం, మారేడుమిల్లి అడవుల్లో గీసే జీలుగు చెట్టే అది. గెల కోస్తే కారే రసం, గాలిలోని, కుండలోని ఈస్టుతో పులుస్తుంది. దానికి గింజ అక్కర్లేదు, కాచడం అక్కర్లేదు. తయారీని బట్టి చూస్తే అది తాటికల్లు, ఈతకల్లు కుటుంబం. బస్తర్‌లో బీరుతో నిజంగా పోల్చదగినది లాందా. మన వ్యాసాల్లో దానికి చోటే దొరకదు. సల్ఫీకి అందమైన చెట్టు ఉంది, ఫొటోకు బాగుంటుంది. లాందా ఇంట్లో ఆడవాళ్లు మట్టికుండలో చేసేది, చూడ్డానికి తెల్లటి చిక్కటి గంజి.

లాందా చేసే తీరు దగ్గర్నుంచి చూడాల్సిందే. బియ్యం నానబెట్టి దంచి పిండి చేస్తారు. నీళ్ల కుండ మూతి మీద ఆ పిండిని పెట్టి ఆవిరిలో ఉడికిస్తారు. పిండి మధ్యదాకా ఉడకాలి, లేకపోతే తర్వాత ఏం చేసినా పచ్చివాసన పోదు. మరోపక్క మొక్కజొన్నలు నానబెట్టి మొలకెత్తించి, ఎండబెట్టి దంచి ఉంచుకుంటారు. చల్లారిన పిండిలో ఈ మొలకల పిండి కలిపి, నీళ్లు పోసి, కుండలో మూతపెట్టి ఉంచుతారు. ఎండాకాలంలో రెండు మూడు రోజులు చాలు, చలికాలంలో వారం దాకా పట్టొచ్చు.

ఆ మొలకల పిండి దగ్గర ఆగండి. గింజ మొలకెత్తినప్పుడు అందులో ఎమైలేజ్ అనే ఎంజైమ్ పుడుతుంది. అది పిండిపదార్థాన్ని విడగొట్టి చక్కెర చేస్తుంది, ఈస్టు ఆ చక్కెరను తిని మద్యం చేస్తుంది. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెడితే దాన్ని మాల్ట్ అంటున్నాం. గ్రోల్ చేసిందీ అదే. పిల్సెన్ మాల్టు గదిలో ఏ రసాయన క్రియ జరిగిందో బస్తర్ ఇంటి పెరట్లో చాప మీద ఆరబోసిన మొక్కజొన్నలోనూ అదే జరుగుతోంది. పొరుగున జార్ఖండ్‌లో హండియా అనే పానీయానికి రాను అనే మూలికల బిళ్లలు వేసి బియ్యాన్ని పులియబెడతారు. బస్తర్ లాందా పట్టుకున్నది మొలకల దారి, అంటే సరిగ్గా బీరు దారి. ఇది తెలిశాక కూడా పిల్స్‌నర్‌ను శాస్త్రమని, లాందాను అలవాటని పిలిచేవాళ్లు ఏ ఆధారంతో పిలుస్తున్నారో చెప్పాలి.

ఇక్కడ వాళ్ల మొదటి ఆక్షేపణ వస్తుంది. లాందా ఏ కుండకా కుండ వేరు, నిన్నటి రుచి ఇవాళ ఉండదు, నిలకడ లేనిదాన్ని ఎలా సమీక్షిస్తాం అంటారు. వినడానికి బలంగా ఉంది. కానీ బ్రస్సెల్స్ పరిసరాల్లో లాంబిక్ అనే బీరు చేస్తారు. కాచిన రసాన్ని తెరిచిన తొట్టెలో రాత్రంతా వదిలేస్తారు, గాలిలోని అడవి ఈస్టులు, బాక్టీరియా వచ్చి పడతాయి. ఆపైన చెక్క పీపాల్లో నెలలు, ఏళ్లు పులుస్తుంది. ఏ పీపాకా పీపా వేరు. ఆ తేడాల వల్లే దానికి అంత ఖరీదు, అన్ని సమీక్షలు. ద్రాక్షసారాయి కొనేవాళ్లు ఏ ఏడాది పంటో చూసి కొంటారు. ప్రతి విడతా ఒకేలా ఉంటే సమీక్షకుడితో పనేముంది? తేడా ఉన్నచోటే రుచి తెలిసినవాడి అవసరం. బెల్జియం పీపాలో తేడా కనిపిస్తే వైవిధ్యమని, బస్తర్ కుండలో తేడా కనిపిస్తే నిలకడలేమి అని అనడం వాదన అనిపించుకోదు.

రెండోది, ఈ పానీయాలకు రుచి చెప్పే భాష లేదన్నది. ఇది పూర్తిగా తప్పు. జగదల్‌పూర్ దగ్గరి ఒక సంతలో నేను చూసింది చెబుతాను. చింతచెట్టు కింద వరసగా కుండలు పెట్టుకుని ఆడవాళ్లు కూర్చున్నారు. ఒక పెద్దాయన వచ్చి చెయ్యి చాపాడు. అమ్మే ఆమె దొప్పలో రెండు గుక్కలు పోసింది. ఆయన ముందు రెండు చుక్కలు నేల మీద పెద్దలకు వదిలాడు. తర్వాత వాసన చూశాడు, నోట్లో పోసుకుని కాసేపు ఉంచాడు, మింగాడు, తల అడ్డంగా ఊపి ఏదో అని, లేచి పక్క కుండ దగ్గరికి వెళ్లిపోయాడు. అక్కడివాళ్లు మాట్లాడే హల్బీ నాకు రాదు. కొంటా వైపు నుంచి వచ్చిన, తెలుగు బాగా తెలిసిన ఒకాయన పక్కనుంటే ఏమైందని అడిగాను. "ఆవిరి సరిగ్గా పట్టలేదంట సారూ, పిండి తగులుతోందంట. పక్కామెది ఎప్పుడూ బాగుంటది" అన్నాడు. నేను ఆ రెండు కుండలూ రుచి చూశాను. పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. ఒక దొప్పతో చేసే ఆ పరీక్షలో చూపు, వాసన, రుచి, నోటిలో తగిలే తీరు, తప్పు ఎక్కడ జరిగిందన్న నిర్ధారణ అన్నీ ఉన్నాయి. బీరు పోటీల్లో న్యాయనిర్ణేతలు నింపే కాగితంలో ఉండే గడులు కూడా ఇవే. ఆయన కాగితం నింపలేదు, అంతే.

మన భాషలో మాత్రం తక్కువుందా? తెలంగాణలో గీత పనివాళ్లను అడగండి. పోతుతాడు, పండుతాడు, పరుపుతాడు అని చెట్టును బట్టి, కాలాన్ని బట్టి కల్లును వేరు చేస్తారు. పొద్దున దించిందానికీ సాయంత్రం దించిందానికీ తేడా లొట్టి మూతి దగ్గర వాసనతోనే చెప్పేస్తారు. సల్ఫీ కూడా అంతే. తెల్లవారుజామున దించితే తియ్యగా, పలచగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ తీపి తగ్గి నురగ పెరుగుతుంది, లాక్టిక్ బాక్టీరియా పులుపు తెస్తుంది. సాయంత్రానికి ఎసిటిక్ బాక్టీరియా ఎక్కితే సిర్కా వాసన మొదలవుతుంది. ఏ గంటలో తాగితే బాగుంటుందన్నది ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. యాత్రికుడు మధ్యాహ్నం రెండింటికి రోడ్డు పక్కన ప్లాస్టిక్ డబ్బాలోది తాగి, సల్ఫీ పుల్లగా ఉంటుందని రాస్తాడు. పిల్స్‌నర్ సీసాను రోజంతా ఎండలో ఉంచి తాగితే దానికీ పాడు కంపు వస్తుంది, హాప్స్ చేదు పదార్థాలు వెలుతురుకు విరిగిపోతాయి. అలాంటి సీసా తాగి పిల్స్‌నర్ కంపు అని రాసిన సమీక్షకుడిని ఎవరూ రెండోసారి చదవరు.

తప్పు అనేది కూడా సంప్రదాయాన్ని బట్టి ఉంటుందని బీరు లోకానికి బాగా తెలుసు. వెన్న వాసన తెచ్చే డయాసిటైల్ మామూలుగా లాగర్ బీరులో దోషం. పిల్సెన్ అసలు బీరులో అది కొద్దిగా తగిలితే దాని గుణంగా ఒప్పుకుంటారు. జర్మన్ పిల్స్‌నర్‌లో తగిలితే మార్కులు పోతాయి. ఇంత సూక్ష్మంగా ఆలోచించగలిగినవాళ్లు లాందా పులుపును దోషమని ఎలా రాస్తారు? లాందాకు పులుపు ఉండాలి. ఏ పులుపు, ఎంత అన్నదే ప్రశ్న. మన తరవాణి కుండలోని పులుపు లాంటిది ఉంటే మంచి లాందా. గొంతులో మండే సిర్కా పులుపు ఉంటే చెడిన లాందా.

శుభ్రత సంగతికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. చెడ్డ నీళ్లతో, కడగని కుండతో చేసింది తాగకూడదు. అది చెప్పడమే సమీక్షకుడి పని. సమీక్ష లేకపోతే శుభ్రంగా చేసే మనిషికీ నిర్లక్ష్యంగా చేసే మనిషికీ ఒకే ధర పలుకుతుంది.

బరువైన ఆక్షేపణ వేరే ఉంది. మద్యం గురించి రుచిగా రాయడం తాగుడును ప్రోత్సహించడమే అంటారు. తెలుగువాళ్లుగా దీన్ని తేలిగ్గా కొట్టిపారేసే హక్కు మనకు లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం మన ఆడవాళ్ల గొప్ప పోరాటాల్లో ఒకటి. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ ఆడవాళ్లు దేని మీద తిరగబడ్డారో గుర్తుచేసుకోవాలి. వేలం పాడుకున్న కాంట్రాక్టరు మీద, ప్రభుత్వమే వారుణి వాహిని పేరుతో ఊరూరికీ చేరవేసిన సారా ప్యాకెట్ల మీద. ఆ ప్యాకెట్లలో రుచి ప్రసక్తి లేదు. తక్కువ ధరకు ఎక్కువ మత్తు, దాని వెనక ఎక్సైజు ఆదాయం, అంతే. మత్తొక్కటే కొలమానం అయినచోట తాగుడు ఇల్లు కూలుస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లో 2017 నుంచి మద్యం దుకాణాలను ప్రభుత్వ సంస్థే నడుపుతోంది. సంతలో లాందా కుండను నాటు అని చిన్నచూపు చూసేవాళ్లు జనం ఆ దుకాణం సీసా వైపు నడవడానికి దారి వేస్తున్నారు. ఘాటులో ఆ రెంటికీ పోలికే లేదు.

తెలంగాణ కల్లు చరిత్ర ఇంకా కఠినమైన పాఠం. చెట్టుకల్లు రుచి తెలిసినవాళ్లు తగ్గిపోయి, మత్తు ఒక్కటే అడిగేవాళ్లు పెరిగాక, కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు వచ్చి చేరాయి. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు ప్రాణాలు తీసింది. అసలు కల్లు ఎలా ఉండాలో నాలుకకు తెలిసిన ఊళ్లో కల్తీ అమ్మడం కష్టం. నిషేధం కోరేవాళ్లను నేను గౌరవిస్తాను. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1996 నాటి పెసా చట్టం మత్తు పానీయాలను నిషేధించే, నియంత్రించే అధికారాన్ని గ్రామసభ పరిధిలో పెట్టింది. ఏ ఊరైనా వద్దనుకుంటే ఆ మాటే చెల్లాలి. కానీ ఊరు ఉంచుకోవాలనుకున్నదాన్ని బయటివాళ్లు రుచి చూడకుండానే తీసిపారేయడం వేరే సంగతి.

అలా తీసిపారేయడం పాలకుల అలవాటు, దాని ఫలితం మన మన్యానికి తెలుసు. 1879లో రంప తిరుగుబాటుకు అటవీ పన్నులతో పాటు కల్లు కూడా కారణం. ఇంటి అవసరానికి గీసుకునే కల్లు మీద కొత్త అబ్కారీ నిబంధనలు, కాంట్రాక్టర్ల పెత్తనం, రంప మున్సబుదారు కల్లు మీద వేసిన చిగురుపన్ను అన్నీ కలిసి కొండల్ని రగిలించాయి. మద్రాసు అధికారులకు అది కేవలం మత్తు, కేవలం ఆదాయం. కొండవాళ్లకు అది ఇల్లు, పండగ, పెళ్లి.

చివరిగా, రాస్తే నగరం వచ్చి మింగేస్తుంది అనేవాళ్లు ఉన్నారు. వీళ్ల భయం నాకు అర్థమవుతుంది. అయినా రాయకపోవడం రక్షణ కాదు. పిల్సెన్ ఊరు తన పేరును కాపాడుకోలేకపోయింది. ఎవరు పడితే వాళ్లు పిల్స్‌నర్ అని అమ్ముకున్నారు, అసలు మాది అని చెప్పుకోవడానికి ఆ బ్రూవరీ 1898లో పిల్స్‌నర్ ఉర్క్వెల్ అనే ట్రేడ్‌మార్కు తీసుకోవాల్సి వచ్చింది. గోవా ఫెనీ 2009లో భౌగోళిక గుర్తింపు సంపాదించింది. ఏది ఎక్కడిదో, ఎలా చేస్తారో, ఏది మంచిదో రాతలో ఉంటేనే రేపు ఎవరైనా పేరు ఎత్తుకుపోతే అడ్డుకోగలం. శ్రీలంకలో ఇదే జీలుగు రసాన్ని కాచి కితుల్ పాకంగా అమ్ముతారు, దాని నాణ్యత గురించి పట్టింపుగా మాట్లాడతారు. బస్తర్‌లో సల్ఫీ చెట్టును కూతురికి పెళ్లి కానుకగా ఇచ్చే ఆచారం ఉంది. అలాంటి చెట్టు ఇప్పుడు ఫ్యూజేరియం శిలీంధ్రం వల్ల వచ్చే ఎండు తెగులుతో చాలాచోట్ల చచ్చిపోతోంది. ఆ చెట్టుకు మామూలుగానే ఒక్క పూత జీవితం. తల నుంచి కిందికి ఒక్కో గెలా వేసుకుంటూ వచ్చి ఆఖరి గెలతో ఎండిపోతుంది, కొత్త మొక్క గెల వేయడానికి ఏళ్లు పడుతుంది. దాని రసానికి విలువ లేదని లోకం అనుకుంటే తెగులు మీద పరిశోధనకు డబ్బు ఎవరు పెడతారు, మొక్కలు ఎవరు నాటుతారు?

నేను అడుగుతున్న సమీక్ష ఎలా ఉండాలో సంతలో ఆ రెండు లాందాల మీదే రాస్తాను. మొదటిది, పెద్దాయన వద్దన్న కుండ. రంగు మసక తెలుపు, పైన నీరు తేరి అడుగున పిండి పేరుకుంది. వాసనలో పచ్చిపిండి ముందు వస్తుంది, వెనకే పచ్చి ఆపిల్‌ను తలపించే ఎసిటాల్డిహైడ్ ఘాటు. పులియడం పూర్తికాకముందే సంతకు తెచ్చారు. నాలుక మీద ఇసుకలా రవ్వ తగులుతుంది. తీపి, పులుపు విడివిడిగా ఉన్నాయి, కలవలేదు. పదికి నాలుగు. రెండోది పక్కామెది. చిక్కగా, ఒకే తీరుగా ఉంది, కదిపితే సన్నటి బుడగలు లేచాయి. వాసనలో వేడి అన్నం, మొక్కజొన్న మొలకల లేత తీపి. పులుపు ముందు తెలియదు, నాలుక పక్కల నుంచి మెల్లగా వచ్చి తీపిని సరిచేసి వెళ్లిపోతుంది. ఎర్రచీమల పచ్చడి నంజుకుంటే ఆ కారానికి, చీమల పులుపుకు లాందా చిక్కదనం బాగా ఆనుతుంది. మద్యం తక్కువ, ఆకలి తీరుతుంది. లోపం ఒక్కటే: కుండ అడుగున కొంచెం మాడిన చేదు, బహుశా ఆవిరి పెట్టినప్పుడు కింద నీళ్లు తగ్గి ఉంటాయి. పదికి ఎనిమిది. మాట సాయం చేసినాయన ద్వారా ఆ మాడు సంగతి ఆమెకు చెప్పించాను. ఆమె అడుగు నుంచి గరిటెతో తీసి తనూ రుచి చూసింది, అవునని ఒప్పుకుంది, నీళ్లు మధ్యలో ఒకసారి పోయాల్సిందని పక్కనున్న కోడలితో అంది.